ముందు బట్ట చూపించండి, బొమ్మ సంగతి తరువాత

నెల్లూరులో షర్టుల మీద పేర్లు, అంకెలు వేసే ఏ దుకాణానికి వెళ్లినా పని ఫోనులో వచ్చిన బొమ్మతోనే మొదలవుతుంది. జట్టు పేరు ఏమిటి, గుర్తు ఎక్కడ రావాలి, ఎన్ని షర్టులు, ఎప్పటికి కావాలి అనే ప్రశ్నలన్నీ అయ్యాక, అదీ గుర్తుంటే, బట్ట ఏది అని అడుగుతారు. చాలాచోట్ల ఆ ప్రశ్న రానే రాదు. చెప్పిన ధరకు సరిపోయే షర్టు ఏదో ఒకటి తెప్పించి, దాని మీద వినైల్, అంటే పలుచని ప్లాస్టిక్ షీటులోంచి కత్తిరించిన అక్షరాలు పరిచి, హీట్ ప్రెస్ అనే వేడి పలక యంత్రం కింద నొక్కి ఇచ్చేస్తారు. నాలుగు ఉతుకులు పడేసరికి అక్షరాల అంచులు లేస్తాయి. కొన్నవారు "వినైల్ అంటే ఇంతే" అంటారు. అమ్మినవారు "మీరు ఉతికిన తీరు అలా ఉంది" అంటారు. ఈ రెండు మాటలూ నేను ఒప్పుకోను. బట్టను చేత్తో తడిమి చూడకుండా బొమ్మ ఖాయం చేసిన రోజే ఆ అక్షరం ఊడిపోవడం కూడా ఖాయమైపోయింది.

నున్నటి గుండ్రని మెడ టీ షర్టు అయితే ఈ నిర్లక్ష్యం బయటపడదు. దాని అల్లిక దాదాపు చదునుగా ఉంటుంది, వినైల్ బుద్ధిగా అంటుకుంటుంది. కానీ ఇప్పుడు మన జిల్లాల్లో అది అడిగేవారు ఎందరు? రొయ్యల హేచరీల సిబ్బందికి కాలర్ టీ షర్టులే కావాలి. సంక్రాంతి క్రికెట్ పోటీలకు దిగే జట్లకు చుక్కల అల్లికతో చెమట పీల్చే పాలిస్టర్ షర్టులే కావాలి. ఒంగోలు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు నడిపే కమిటీలవారికి కాలరు, జేబు రెండూ కావాలి. రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున జనాన్ని అదుపు చేసే కుర్రాళ్లవి కూడా ఇవే. మ్యాటీ, డాట్ నిట్, హనీకోంబ్ అని రకరకాల పేర్లతో వచ్చే ఈ బట్టలన్నీ గరుకువే. అంటే మన దుకాణాల్లో గరుకు బట్టే మామూలు బట్ట. అయినా పని పద్ధతులన్నీ నున్నటి బట్టకు నేర్చుకున్నవే.

ఒక కాలర్ టీ షర్టును కిటికీ దగ్గర వెలుతురు పక్కనుంచి పడేలా వాలుగా పట్టుకుని చూడండి. చిన్న చిన్న గుంటలు వరుసలు తీరి ఉంటాయి, వాటి చుట్టూ దారం గట్టులా లేచి ఉంటుంది. గాలి ఆడేందుకు, చెమట ఆరేందుకు అలా అల్లుతారు. ఇప్పుడు వినైల్ సంగతి చూద్దాం. సాధారణంగా వాడే పాలీయురిథేన్ వినైల్ మందం మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. పైన రంగు పొర, కింద వేడికి కరిగే జిగురు పొర. వేడి తగలగానే జిగురు మెత్తబడి, ఒత్తిడికి దారపు పోగుల మధ్యకు జారి, చల్లారాక అక్కడే గట్టిపడుతుంది. అంటుకోవడం అంటే జరిగేది అంతే: పోగుల్ని పట్టుకుని జిగురు గడ్డకట్టడం. గరుకు బట్టలో గట్టు మీద ఉన్న పోగులకే జిగురు అందుతుంది. గుంటల మీద వినైల్ వంతెనలా వేలాడుతూ ఉండిపోతుంది. ఆ ఖాళీల్లోకి నీళ్లు, సబ్బు, మట్టి చేరతాయి. ఉతికినప్పుడల్లా బట్ట సాగుతుంది, వేలాడే వినైల్ పగులుతుంది. చివరికి గట్ల మీద పట్టు కూడా వదిలేస్తుంది.

పని సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి కన్ను చాలు. ప్రెస్ నుంచి తీసి చల్లారిన అక్షరాన్ని అదే వాలు వెలుతురులో చూడండి. కింది బట్ట అల్లిక వినైల్ పైభాగంలోనూ చుక్కలుగా తేలి కనిపిస్తే జిగురు లోపలికి దిగినట్టు. అక్షరం అద్దంలా నున్నగా మెరుస్తూ ఉంటే మాత్రం అది బట్ట మీద కూర్చుందే తప్ప బట్టను పట్టుకోలేదు. విచారమేమిటంటే, ఆ నునుపు చూసే చాలామంది "ఎంత బాగా వచ్చిందో" అని మురిసిపోతారు. తీసుకెళ్లేవారికీ అదే నచ్చుతుంది. అల్లిక తేలిన అక్షరం చూసి "గరుకుగా ఉంది, మళ్లీ వేయండి" అన్నవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు ఓపికగా నచ్చజెప్పాల్సింది మనమే.

పట్టు రాకపోతే మన దుకాణాల్లో మొదట చేసే పని వేడి పెంచడం. వినైల్ డబ్బా మీద 150 నుంచి 160 డిగ్రీలు, 10 నుంచి 15 సెకన్లు అని ఉంటే, 180కి తిప్పి అర నిమిషం ఉంచుతారు. ఈ అలవాటు మీద నాకు నిజంగా కోపం ఉంది. ఎందుకంటే దీనివల్ల పని బాగుపడదు సరికదా, షర్టే పాడవుతుంది. వేడి మరీ ఎక్కువైతే జిగురు నీళ్లలా పలచబడి బట్ట లోపలికి ఇంకిపోతుంది, వినైల్‌కూ దారానికీ మధ్య పట్టుకోవలసిన పొర మిగలదు. తెల్లటి నూలు బట్ట పసుపెక్కుతుంది. పాలిస్టర్ గతి ఇంకా ఘోరం. పాలిస్టర్ కరగడానికి 250 డిగ్రీలు దాటాలి కాబట్టి భయం లేదనుకుంటారు. కానీ 70, 80 డిగ్రీల దగ్గరే దాని పోగులు బిగువు సడలి మెత్తబడటం మొదలవుతుంది. ఆ స్థితిలో ఇనుప పలక గట్టిగా నొక్కితే చుక్కల అల్లిక అణిగిపోయి అలాగే ఉండిపోతుంది. అక్షరం చుట్టూ పలక ఆకారంలో మెరిసే చతురస్రం కనిపిస్తే అర్థం అదే. వేడి పెంచినకొద్దీ ఆ మచ్చ చెరగరానిదవుతుంది.

దానికి తోడు రంగు. పాలిస్టర్‌కు అద్దే రంగులు వేడికి ఆవిరై కదిలే జాతివి. సబ్లిమేషన్ ముద్రణ మొత్తం ఈ గుణం మీదే నడుస్తుంది. 190, 200 డిగ్రీల దగ్గర కాగితం మీది రంగు ఆవిరై పాలిస్టర్ పోగులోకి దూరుతుంది. ఎర్ర పాలిస్టర్ షర్టు మీద తెల్ల అంకె వేసి వేడి పెంచితే అదే ఆవిరి కింది నుంచి పైకి, తెల్ల వినైల్‌లోకి పాకుతుంది. ఇచ్చేటప్పుడు తెల్లగా ఉన్న అంకె ఒకటి రెండు రోజుల్లో గులాబీ రంగుకు తిరుగుతుంది. ముదురు నీలం, మెరూన్ బట్టల మీదా ఇదే తంతు. ఇలాంటి బట్టకు 120, 130 డిగ్రీలకే కరిగే జిగురున్న వినైల్ దొరుకుతుంది. రంగును అడ్డుకునే పొరతో వచ్చేది కూడా ఉంది. ధర కొంచెం ఎక్కువ. ఆ తేడా ముందే చెప్పి తీసుకోవచ్చు కదా! వీపు మీద గులాబీ అంకె వేసుకుని మైదానంలోకి దిగే కుర్రాడికి ఆ తేడా ఇవ్వడం బరువేమీ కాదు.

వేడి కన్నా గరుకు బట్టకు కావలసింది ఒత్తిడి. గుంటలోకి వినైల్‌ను దించగలిగేది అదొక్కటే. మన దగ్గర ఉన్న చేతి ప్రెస్‌లలో ఎక్కువ వాటికి పలక 38 సెంటీమీటర్ల చతురస్రం. కాలర్ టీ షర్టును దాని మీద పరిస్తే కాలరు, గుండీలు, గుండీల పట్టీ, భుజం కుట్టు అన్నీ పలక కిందికే వస్తాయి. పిడి ఎంత బిగించి దించినా బలమంతా ఆ ఎత్తైన చోట్ల మీద పడుతుంది. ఛాతీ మీది గుర్తు దగ్గర మాత్రం పలక ఆనీ ఆననట్టు ఉంటుంది. గుండీ పగులుతుంది, గుర్తు అంటుకోదు. అందుకే గుర్తు వచ్చే చోట షర్టు లోపల టెఫ్లాన్ తొడిగిన స్పాంజి దిండు పెట్టాలి. కుట్లు, గుండీలు దిండు అంచు దాటి కిందికి జారిపోతాయి, గుర్తు ఒక్కటే పైకి లేచి పలకకు ఎదురు నిలుస్తుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. దిండు ఒక్కో భుజం సుమారు 13 సెంటీమీటర్లే అనుకోండి. పెద్ద పలక వైశాల్యంలో అది తొమ్మిదో వంతు. అదే చేతి బలం తొమ్మిదో వంతు చోట పడుతుంది కాబట్టి, స్పాంజి కొంత మింగినా, ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేడి మీటరు ముల్లు ముట్టుకోకుండానే పట్టు వస్తుంది. ఈ దిండు కుట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఒక పాడైన షర్టు ధర కూడా ఉండదు. అయినా ఎన్ని దుకాణాల్లో కనిపిస్తుంది?

ఒత్తిడికి ముందు ఇంకొక పని ఉంది, మన వాతావరణంలో దాన్ని వదలకూడదు. నూలు చూడటానికి పొడిగా ఉన్నా గాలి నుంచి తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పట్టి ఉంచుకుంటుంది. సముద్రం పక్కనే ఉన్న మనకు అంతకన్నా ఎక్కువే. పైగా మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు ప్రధానమైన వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. సంక్రాంతి పోటీల ఆర్డర్లు వచ్చి పడేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ముసురు పట్టిన రోజు మూట విప్పి తీసిన షర్టు మీద నేరుగా వినైల్ వేస్తే, వేడికి ఆ తేమ ఆవిరై జిగురుకూ బట్టకూ మధ్య నిలుస్తుంది. కాబట్టి వినైల్ పెట్టకముందు ఒట్టి షర్టును పది సెకన్ల పాటు నొక్కాలి. పలక ఎత్తగానే పొగలా ఆవిరి లేస్తుంది. అది పూర్తిగా పోయాక చేత్తో తడిమి, ఇంకా చెమ్మగా తగిలితే మళ్లీ నొక్కాలి. దీనితో గట్లు కూడా కొంచెం అణిగి గుంటల లోతు తగ్గుతుంది. వానాకాలం ఊడిన అక్షరాల్లో సగం తప్పు ఈ పది సెకన్ల పని ఎగ్గొట్టడం వల్లే అని నా గట్టి నమ్మకం.

వినైల్ వేశాక, అక్షరాలను పట్టి ఉంచే పై ప్లాస్టిక్ పొరను చల్లారిన తరువాతే, బాగా వాలుగా లాగాలి. వేడి మీద లాగే రకం వినైల్ నున్నటి బట్టకు పనికివస్తుంది గాని, గరుకు బట్ట మీద నేను వాడను. జిగురు ఇంకా మెత్తగా ఉండగానే పొర లాగితే గుంటల మీది భాగం దానితోపాటు లేచి వస్తుంది. పొర తీశాక టెఫ్లాన్ షీటు కప్పి ఇంకోసారి, ఆ తరువాత షర్టు లోపలివైపు తిప్పి వెనుక నుంచి మరోసారి కొద్ది సెకన్లు నొక్కితే బట్ట వైపు నుంచి వేడి అంది జిగురు ఇంకా లోతుకు దిగుతుంది.

ఇంతవరకూ చెప్పింది యంత్రం దగ్గరి పని. నన్ను ఎక్కువగా బాధించేది కంప్యూటర్ దగ్గర జరుగుతుంది. తెలుగు అక్షరాల గురించి చెబుతున్నాను.

గరుకు బట్ట మీద పెద్ద ముక్క నిలుస్తుంది, చిన్న ముక్క ఊడుతుంది. గట్టు మీద నాలుగు చోట్ల పట్టు ఉన్న ముక్కకూ, ఒక్కచోటే ఉన్న ముక్కకూ అదే తేడా. పది సెంటీమీటర్ల అంకె మొత్తం ఒకే ముక్క. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా ఒక్కొక్కటి ఒక్కో ముక్క. తెలుగు అలా ఉండదు. ప, స, ష అక్షరాల తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరానికి తగలకుండా పైన విడిగా తేలుతుంది. 'థ'లో లోపలి చుక్క విడిగా ఉంటుంది. 'నెల్లూరు' రాస్తే 'ల్ల' కింది ఒత్తు మరో ముక్క. ఆ ముక్కలన్నీ చిన్న గింజలంత ఉంటాయి. వాటి కింద రెండు మూడు గట్లు కూడా రావు. మొదటి ఉతుకుకే తలకట్టు, రెండో ఉతుకుకు ఒత్తు పోతాయి. మిగిలినదాన్ని చూసి "అన్నా, తెలుగు నిలవదు, ఈసారి ఇంగ్లీషులోనే వేసేయండి" అంటారు కుర్రాళ్లు. అలా ఒక్కొక్క జట్టూ, ఒక్కొక్క పండుగ కమిటీ తమ ఊరి పేరును ఇంగ్లీషులోకి మార్చుకుంటూ వస్తున్నాయి.

దీన్ని నేను ససేమిరా ఒప్పుకోను. తెలుగు అక్షరం గరుకు బట్ట మీద దివ్యంగా నిలుస్తుంది, దానికి తగ్గట్టు గీస్తే. ఫాంటును ఉన్నదున్నట్టు కత్తిరింపు యంత్రానికి పంపకుండా, ముందు గీతలుగా మార్చి, తలకట్టును కిందికి దించి అక్షరానికి అతికించాలి. ఒత్తును పైకి జరిపి తల్లి అక్షరం కడుపుకు ఆనించాలి. 'థ'లోని చుక్కను సన్నటి గీతతో కలపాలి. సన్నని మలుపులున్న ఫాంటు వదిలి, గీత మందం 3 మిల్లీమీటర్లకు తగ్గనిది ఎంచుకోవాలి. అక్షరాల మధ్య ఎడం తగ్గించి, పక్కపక్క అక్షరాలు ఒకదాన్నొకటి తాకేలా జరిపితే పేరు మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. గోడల మీద పేర్లు రాసిన మన పాత తరం చిత్రకారుల చేతిరాతలో ఇలాంటి కలయికలు ఎన్నో కనిపిస్తాయి. ఇది నేర్చుకోవడానికి పెద్ద చదువేమీ అక్కరలేదు, అక్షరం మీద ప్రేమ, కొంత ఓపిక ఉంటే చాలు. అతికించిన అక్షరాల నమూనా ఒకసారి తయారు చేసి దాచుకుంటే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. బట్టను ముందు చూడాలని నేను పట్టుబట్టడానికి పెద్ద కారణం ఇదే: గుంట ఎంత వెడల్పో తెలియకుండా గీత ఎంత మందం ఉండాలో ఎలా తేలుతుంది?

ఇప్పుడు చాలామంది "ఈ గొడవంతా ఎందుకు, డీటీఎఫ్ వేసేయండి" అంటారు. వారి మాటలో నిజం ఉంది. ఫిల్ము మీద రంగుల్లో ముద్రించి, జిగురు పొడి చల్లి, కరిగించి, బట్టకు బదిలీ చేసే ఆ పద్ధతిలో ఎన్ని రంగులైనా వస్తాయి, తలకట్లు పట్టకారుతో ఏరుకునే పని ఉండదు. మనుషుల ముఖాలు, రంగులు కలిసిపోయే గుర్తులు వేయాలంటే నేనూ అదే చెబుతాను. కానీ అది కూడా బట్ట పైన పరుచుకునే పొరే. దాన్ని పట్టుకునేదీ జిగురే. తేమ, గుంటలు, గుండీల పట్టీ, పాలిస్టర్ రంగు పైకి పాకడం, ఇవన్నీ దానికీ వర్తిస్తాయి. బట్ట చూడకుండా వేస్తే అదీ ఊడుతుంది.

ఒకే గుర్తు వందల షర్టుల మీద రావాలంటే స్క్రీన్ ప్రింటింగే మేలు. సిరా ద్రవం కాబట్టి గుంటల్లోకి దానంతటదే దిగుతుంది. ఛాతీ మీద అరచేయంత గుర్తు అయితే మ్యాటీ బట్టకు ఎంబ్రాయిడరీని మించింది లేదు, దారం బట్టను దాటి వెళ్తుంది కాబట్టి ఊడే ప్రశ్నే రాదు. వినైల్‌కు ఎదురులేని చోటు వేరే ఉంది. ప్రతి షర్టుకూ వేరే పేరు, వేరే అంకె. పదకొండు మందికి పదకొండు రకాలు. ఆఖరి రోజున జట్టులోకి వచ్చిన పన్నెండోవాడికి ఒక్కటంటే ఒక్క షర్టు. దాని కోసం స్క్రీను చేయించడం ఎవరికీ గిట్టుబాటు కాదు. వినైల్ దండగ అనేవారు ఈ పన్నెండోవాణ్ణి మరచిపోతున్నారు.

తువ్వాలు బట్ట మీద, బొచ్చు లేచిన ఉన్ని మీద, వాన నీరు నిలవకుండా పూత పూసిన జాకెట్ల మీద మామూలు వినైల్ వద్దు. అడిగినవారికి లేదని చెప్పి పంపడమే మర్యాద.

ఖద్దరు విషయంలో మాత్రం నా అభ్యంతరం వేరే రకం. మన నెల్లూరు దగ్గర పల్లిపాడులో, పెన్న ఒడ్డున, 1921లో గాంధీ చేతుల మీదుగా మొదలైన పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. కోవూరు పక్కన పాటూరులో ఇప్పటికీ మగ్గాలు ఆడుతున్నాయి. చేతితో వడికిన నూలులో ఒకచోట లావు, ఒకచోట సన్నం సహజం. ఆ హెచ్చుతగ్గులే దాని అందం, ఆ సందుల్లోంచి గాలి ఆడటమే మన ఎండలకు దాని విలువ. దాని మీద జానెడు వెడల్పున ప్లాస్టిక్ పొర అతికిస్తే అంటుకోవచ్చు కూడా. కానీ మే నెలలో ఆ చొక్కా తొడుక్కున్న మనిషి ఛాతీ మీద చెమట ఎటు పోతుంది? చేనేత చొక్కాకు పేరు కావాలంటే జేబు మీద దారంతో కుట్టించుకోవాలి. ఈ మాట చెప్పడం వల్ల పని పోతుంది, నిజమే. పోనివ్వండి.

ఉతుకు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం తగవులు అక్కడే. వేసిన రోజు నుంచి ఒక పూర్తి రోజు దాటాకే షర్టు నీళ్లు చూడాలి. లోపలివైపు తిప్పి, చల్లటి నీళ్లలో ఉతకాలి. బండ మీద బాదినా, బ్రష్షుతో రుద్దినా గుంటల మీద వేలాడే చోటే ముందు తెగుతుంది. ఇస్త్రీ బండి దగ్గరి బొగ్గుల పెట్టెకు వేడి కొలత ఉండదు. అది నేరుగా అక్షరం మీద ఆనితే వినైల్ పెట్టెకు అంటుకుని వచ్చేస్తుంది, ఇస్త్రీ చేసే మనిషికి పెట్టె శుభ్రం చేసుకునే శిక్ష అదనం. ఈ నాలుగు మాటలూ తెలుగులో చిన్న చీటీ మీద ముద్రించి షర్టు మడతలో పెట్టి ఇవ్వాలి. కొన్నవారిని నిందించే ముందు వారికి చెప్పామా లేదా అని ఆలోచించుకోవద్దా?

టోకు వ్యాపారుల నుంచి కూడా నేను ఒకటి గట్టిగా కోరుతున్నాను. తిరుప్పూరు నుంచి వచ్చే మూటల్లో కొన్ని షర్టులకు ఏ చీటీ ఉండదు, ఉన్నా "కాటన్" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. చేతికి నూలులా తగిలే బట్టలో సగానికి సగం పాలిస్టర్ ఉండవచ్చు. నూలు ఎంత, పాలిస్టర్ ఎంత, చదరపు మీటరు బరువు ఎంత అనేవి బిల్లు మీద రాసివ్వడం వారికి క్షణం పని. అది రాని రోజున షర్టు లోపలి కుట్టు అంచు నుంచి రెండు పోగులు లాగి వెలిగించి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కుంచించుకుపోయి, చల్లారాక గట్టి పూసలా గడ్డకడుతుంది. రెండూ కలిసిన బట్ట అయితే కొంత బూడిద, కొంత పూస. పూస ఏమాత్రం కనిపించినా వేడి 130 దాటించకుండా, దానికి తగ్గ వినైల్‌తో, బయటికి కనిపించని కింది అంచు మీద ఒక తెల్ల ముక్క వేసి మర్నాటి దాకా ఉంచాలి. ఆ ముక్క తెల్లగానే ఉంటే మిగతా షర్టులు ప్రెస్ మీదికి ఎక్కించవచ్చు. రంగు తిరిగితే ఆర్డరు ఇచ్చినవారికి ఫోను చేసి, అడ్డుపొర ఉన్న వినైల్ ధర ఎంతో చెప్పాలి.